అంతర్జాలమున అమ్మకము: దళారి పని యెవరు చేయవలెను?

పండించిన పంటను దళారి చేతిలో పెట్టక, సెల్‌ఫోను ద్వారా పట్టణవాసులకు నేరుగా అమ్ముకొనవచ్చునను మాట నేడు గ్రామగ్రామమున వినవచ్చుచున్నది. పసుపు, మిరపపొడి, బెల్లము, మామిడిపండ్లు ఈ విధముగా అమ్ముచున్న రైతులును, మహిళా సంఘములును మన తెలుగు జిల్లాలలో కలరు. ఇది మంచి మార్గమే. కాని అప్పు తెచ్చి మరయు, సంచులును, అట్టపెట్టెలును కొని, ఏడాది తిరుగకమునుపే అంగడి మూయవలసి వచ్చినచో ఆ అప్పు పొలముమీదనే పడును. కావున ఇందలి కష్టములను సభ్యులు ముందుగా తెలిసికొనుట మేలని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసిన దొకటి కలదు. దళారి తీసికొను సొమ్మును మనము లెక్కింతుము గాని అతడు చేయు పనులను లెక్కింపము. సరకును పోగుచేయుట, తరగతులుగా ఏరుట, తూచుట, బండి కిరాయి చెల్లించుట, అరువిచ్చుట, చెడిన సరకు నష్టమును భరించుట, కొనువానిని వెదకుట, ఇవన్నియు అతని పనులు. అతడు తూకములోను వడ్డీలోను అన్యాయము చేయడని మేము చెప్పుట లేదు. అంతర్జాలమున అంగడి పెట్టినచో దళారి తొలగును గాని అతని పనులు తొలగవు. అవి మన నెత్తిమీదికి వచ్చును. వానిని అతనికంటె తక్కువ ఖర్చుతోనైనను, అతనికంటె మేలుగానైనను చేయగలిగినపుడే అతని లాభము మనదగును.

కిరాయి లెక్క

పసుపును ఉదాహరణముగా తీసికొందము. ఈ క్రింది అంకెలు లెక్క తెలియుటకై మేము వేసికొన్నవే. సభ్యులు తమ ఊరి ధరలను వేసి చూచుకొనవలెను. అరకిలో పసుపుపొడి పొట్లమును 160 రూపాయలకు అమ్మితిమనుకొందము. అందులో పసుపు ఖరీదు 70, మర కూలియు తరుగును 10, పొట్లము, చీటి, అట్టపెట్టె 15, పార్సెలు కిరాయి 50, అమ్మకపు వేదికవారి కమీషను 12. మొత్తము 157 రూపాయలు. మిగులునది 3 రూపాయలు. మన ఇంటివారి శ్రమను గాని, పన్నును గాని ఇందులో చేర్చలేదు.

ఇరువది పార్సెళ్లలో ఒకటి తిరిగివచ్చినచో ఏమగును? పోవుటకు 50, వచ్చుటకు 50, వెరసి నూరు రూపాయల కిరాయి వృథా. తక్కిన 19 పొట్లములపై వచ్చు లాభము 57 రూపాయలే. అనగా వ్యాపారము సాగుచున్నట్లే కనబడుచు 43 రూపాయలు నష్టపడుచున్నామన్నమాట. సరకు అందిన పిదప సొమ్ము చెల్లించు పద్ధతిలో, తలుపు తట్టినపుడు వలదని త్రిప్పిపంపువారు ఉందురు. అందుచే ఈ పద్ధతిలో అమ్ముటకు మిక్కిలి జాగరూకత వలయును.

ఇప్పుడు అదే పొడిని రెండు కిలోలు ఒక్కమారుగా, 640 రూపాయలకు ఒక్క ఇంటికి పంపితిమనుకొందము. పసుపు 280, మర 40, పొట్లములు, పెట్టె 40, కిరాయి 110, కమీషను 48, మొత్తము 518. మిగులు 122 రూపాయలు. సరకు అదే, ధర అదే. పార్సెలు పెరిగినందున లాభము కలిగినది. కాబట్టి చిన్న పొట్లములను దూరదేశములకు పంపుటకంటె, ఏడాదికి సరిపడు సరకును కొను గృహస్థులను, ఒక్కచోటనే పదిమంది కలిసి కొను వీధులను వెదకుట మేలు.

నమ్మకము

సంతలో కొనువాడు పసుపుకొమ్మును విరిచి చూచును, వాసన చూచును. అంతర్జాలమున కొనువానికి బొమ్మ తప్ప వేరేమియు కనబడదు. పసుపుపొడిలో రంగుకొరకు సీసపు క్రోమేటు అను విషపదార్థమును కలుపు దురాచారము కలదని పట్టణవాసులు ఎరుగుదురు. చట్టము దానిని నిషేధించినది. కావున వారి అనుమానమును తప్పు పట్టరాదు. పరీక్షాశాలలో పొడిని పరీక్ష చేయించి, ఆ పత్రమును కొనువారికి చూపుటయే దీనికి మందు. పొడిలో తేమ నూటికి పదికి మించరాదు. మించినచో బూజు పట్టును. కల్లమున రెండు దినములు తక్కువ ఎండిన పసుపు, రెండు నెలల తరువాత మన పేరును చెరుపగలదు.

ఈ సందర్భమున సహకారోద్యమ చరిత్రనుండి ఒక విషయము జ్ఞప్తికి తెచ్చుకొనదగును. 1844వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మొదలగు 28 మంది సభ్యులు 28 పౌనుల స్వల్ప మూలధనముతో అంగడి తెరచిరి. పిండి, వెన్న, చక్కెర, క్రొవ్వొత్తులు మున్నగు కొలది సరకులనే అమ్మిరి. కల్తీ మిక్కుటముగానున్న ఆ కాలమున శుద్ధమైన సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము అను నియమములను వారు విడువలేదు. సాధనము మారినను ఈ మూడు నియమములు నేటి అంతర్జాలపు అంగడికిని ఆధారములే. తమవారిచేతనే మెప్పుమాటలు వ్రాయించుకొను అంగళ్లు కలవు. కొనుగోలుదారువలె నటించి తన సరకును తానే పొగడుకొనుటను 2020వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ నియమములు నిషేధించుచున్నవి.

చట్టము, చీటి, పన్ను

ఆహారపదార్థమును పొట్లము కట్టి అమ్మువారు ఆహార భద్రతా సంస్థవద్ద తమ వ్యాపారమును నమోదు చేయించుకొని, 14 అంకెల సంఖ్యను పొట్లముపై ముద్రింపవలెను. తయారుచేసినవారి పేరు, చిరునామా, నికరపు తూకము, గరిష్ఠ చిల్లర ధర, నెల, సంవత్సరము, ఫిర్యాదుకు ఫోను నంబరు చీటిపై ఉండవలెను. తన పొలమున పండిన పంటను అమ్ము వ్యవసాయదారుడు జి.ఎస్.టి. నమోదు చేయించుకొన నక్కరలేదు. దానిని పొడిచేసి పొట్లముగా అమ్మినచో సంగతి వేరు. స్వరాష్ట్రములోనే సరకులమ్ము చిన్న వర్తకులకు 2023 అక్టోబరు 1వ తేదీనుండి అంతర్జాల వేదికలపై కొంత సడలింపు లభించినది. పొరుగు రాష్ట్రములకు పంపదలచినవారు ముందుగా లెక్కల నెరిగినవారిని సంప్రదింపవలెను.

సొమ్మును కాపాడుకొనుట

వేదికలపై అమ్మిన సరకు సొమ్ము వెంటనే చేతికి రాదు. కొన్ని దినములు పట్టును. ఈలోగా మర కూలి, కిరాయి, సంచుల ఖరీదు మనము పెట్టుకొనవలెను. కనుక మూలధన మంతయు యంత్రములమీదనే వెచ్చింపరాదు.

మోసగాండ్ర విషయమున ఒక్క సూత్రము నేర్చుకొన్న చాలును. యు.పి.ఐ. రహస్యసంఖ్య సొమ్ము పంపుటకే గాని, పుచ్చుకొనుటకు ఎన్నడును అవసరము లేదు. "పెద్ద ఆర్డరు ఇచ్చెదను, బయానా పంపుచున్నాను, మీ రహస్యసంఖ్య నొక్కుడు" అనువాడు దొంగ యని తెలియునది. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము తిరిగి దొరకుట కష్టమగును.

సంఘము చేయదగిన పని

పైన చెప్పిన పనులలో పెక్కింటిని ఒంటరి రైతు చేయలేడు. పరీక్షకు, నమోదునకు, చీటీల అచ్చునకు అయ్యెడి ఖర్చు ఒక్కనికి భారము, ఏబదిమందికి స్వల్పము. ఊరిలో చదువుకొన్న యువకులు, యువతులు ఫోనుపై ఉత్తరప్రత్యుత్తరములు నడుపగలరు. పెద్దలు సరకు నాణ్యమును కనిపెట్టగలరు. కావున మా సలహా ఇది. మొదటి ఏడు ఒక్క సరకుతోనే ఆరంభింపుడు. పంటలో పదియవ వంతుకు మించి దీనికి కేటాయింపకుడు. తక్కినది ఎప్పటివలె యార్డునకే పంపుడు. మొదటి ఏటికి అప్పు చేయకుడు. మరను కొనక, కూలికి ఆడించుకొనుడు. ఈ వ్యాపారమునకు వేరుగా చిఠ్ఠా ఉంచి, తిరిగివచ్చిన ప్రతి పార్సెలును అందులో వ్రాయుడు. రెండవమారు కొన్నవారెందరో ప్రతి నెల లెక్కింపుడు. క్రొత్తవా రెందరు వచ్చిరనుటకంటె, పాతవా రెందరు మరల వచ్చిరనుటయే ఈ వర్తకమునకు నాడి.

సర్వసభ్య సమావేశమున ఈ క్రింది ప్రశ్నలను చర్చింతురని ఆశించుచున్నాము.

1. మన ఊరి దళారి చేయు పనులలో సంఘము ఏవి చేయగలదు? ఏవి చేయలేదు?

2. మన సరకును అరకిలో, రెండు కిలోలు, అయిదు కిలోలుగా పంపినచో ఒక్కొక్కదానికి కిరాయి ఎంత పడును?

3. తేమ ఎక్కువగానున్న సరకును సభ్యుడే తెచ్చినచో, దానిని త్రిప్పిపంపు అధికారమును ఎవరికి ఇత్తుము?

మూడవ ప్రశ్నకు మొగమాటము లేక సమాధానము చెప్పగల సంఘమే ఈ వ్యాపారమునకు తగినది.