రిటైరయ్యాక ‘చరిత్రలో ఈరోజు’

ప్రశ్న: రైల్వేలో రిటైరై రేణిగుంటలో ఉంటున్నాను. రోజూ పొద్దున్నే ‘చరిత్రలో ఈరోజు’ చదివి వాట్సాప్‌లో పంపుతాను. ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారు. మానెయ్యాలా?

జవాబు: మానక్కర్లేదు. వచ్చింది వచ్చినట్టు పంపడమే ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. ఎక్కడో జరిగిన యుద్ధం తేదీ మనవడికి పట్టదు. ఊరి సంగతైతే చెవి ఒగ్గుతాడు.

మీ వైపు సంగతులే చూడండి. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న (ఫూల్స్ డే అయినా నిజమే). శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. టాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది 1919 ఫిబ్రవరిలో, మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో.

అదే మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టినరోజు ఒకచోట మే 11 అనీ, మరోచోట 12 అనీ కనిపిస్తుంది. ఆయన పుట్టింది అర్ధరాత్రి దాటాక. గడియారం లెక్కలో అది 12వ తేదీ. సూర్యోదయంతో రోజు మారే మన లెక్కలో ఇంకా 11. ఇలాంటి తేడా దొరికిన రోజు ఫార్వర్డ్ చెయ్యకుండా, భోజనాల దగ్గర ప్రశ్నగా వెయ్యాలి. జవాబు వెతికే పని పిల్లలకే వదిలెయ్యాలి.

చదివింది సాయంత్రం నడకలో చూడకుండా స్నేహితులకు చెప్పగలిగితే గుర్తుంటుంది. మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇది మేలు.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని, చరిత్ర తేదీల పక్కనే సొంత తేదీలూ రాసుకోవచ్చు: ఉద్యోగంలో చేరిన రోజు, పెళ్లిరోజు. నవంబరు పేజీలో లైఫ్ సర్టిఫికెట్ సంగతి కూడా. కేంద్ర పెన్షనర్లు అది ఇవ్వాల్సింది ఆ నెలలోనే. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.