చేయి వంగాలంటే నాడి చెప్పాలి

మన మోచేయి తలుపు బందులాంటి కీలు. ముందున్న ద్విశిర కండరం సంకోచిస్తే చేయి వంగుతుంది. వెనుకనున్న త్రిశిర కండరం సంకోచిస్తే సాగుతుంది. అయితే ఈ కండరాలు తమంతట తాము కదలవు. మెదడు ఆజ్ఞను నాడి మోసుకొస్తుంది. నాడి చివర ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలై ఆ ఆజ్ఞను కండరానికి అందిస్తుంది.

కుసుమంచి హాస్టల్‌లో నేలపై పడుకునే మనకు ఈ పాఠం ప్రాణావసరం. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నిద్రలో ఉన్నవారిని కాటేస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు. విషం మాత్రం నాడుల చివరలను దెబ్బతీస్తుంది. కీలు, కండరం బాగానే ఉన్నా ఆజ్ఞ అందదు. ముందు కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. చివరకు ఊపిరి తీయించే కండరాలూ ఆగిపోతాయి.

అందుకే నొప్పి లేదని ఊరుకోవద్దు. బిగించి కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాటుపడిన కాలును, చేతిని కదలనీయకుండా వెంటనే 108కు ఫోన్ చేద్దాం. ఆసుపత్రిలో విరుగుడు మందు ఇస్తారు. అవసరమైతే నాడులు కోలుకునేదాకా యంత్రంతో ఊపిరి అందిస్తారు. ఈ రాత్రి నుంచే దోమతెర అంచులు చాప కిందికి దోపి పడుకుందాం.