మొదటి హామ్ లైసెన్సు, మొదటి ఏంటెన్నా

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. హామ్ రేడియో నేర్చుకోవాలని ఉంది. ఏ గ్రేడు పరీక్ష రాయాలి? మా డాబా మీద షార్ట్‌వేవ్‌కు ఎలాంటి ఏంటెన్నా కట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మన దేశంలో రెండు గ్రేడులున్నాయి: రిస్ట్రిక్టెడ్, జనరల్. జనరల్‌కు మోర్స్ కోడ్ రావాలి, అందులో ఎక్కువ పవర్ వాడుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ అక్కర్లేదు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదివితే చాలు. ముందు అది రాయండి. పరీక్ష నెగ్గాక లైసెన్సు, కాల్‌సైన్ వచ్చేదాకా ప్రసారం చేయకూడదు. వినడం సాధన చేయండి.

ఏంటెన్నాకు 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ (మధ్యలో రెండుగా విడదీసిన తీగ) మేలు. పగలు కొన్ని వందల కిలోమీటర్లు, రాత్రి అంతకన్నా దూరం అందుతుంది. పొడవు లెక్క సులువు: 143ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగించండి. 7.1 మెగాహెర్ట్జ్‌కి సుమారు 20 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10. డాబా చిన్నదైతే మధ్యలో ఒకే గడ నిలబెట్టి, రెండు కొసలూ కిందికి వాల్చి కట్టండి. నడుమ 1:1 బాలన్ (తీగనూ కేబుల్‌నూ జోడించే పరికరం), అక్కణ్నుంచి కోయాక్స్ కేబుల్. తీగ కాస్త పొడవుగా ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (ఏంటెన్నా కేబుల్‌కు ఎంత సరిపోయిందో చూపేది) చూస్తూ రెండు వైపులా సమానంగా కత్తిరించండి. కొసలు చేతికందే ఎత్తులో ఉండకూడదు. తీగ తెగి పడినా కరెంటు లైన్లకు తగలనంత దూరం పాటించండి. పిడుగులప్పుడు సెట్టు వాడకండి. మబ్బు పట్టకముందే కేబుల్ ఊడదీయండి.