స్టెమ్ సెల్ చికిత్స: డబ్బు కట్టే ముందు తెలుసుకోండి

"పక్షవాతం వచ్చిన మా నాన్నగారికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చెయ్యి మళ్ళీ పనిచేస్తుందట. నిజమేనా డాక్టరు గారూ?"

రోగుల కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు పొలం అమ్మడానికి, బంగారం కుదువ పెట్టడానికి కూడా సిద్ధపడి అడుగుతారు. అందుకే ఈ చికిత్సలో ఏది నిజమో, ఏది ఇంకా పరీక్షల్లో ఉందో తెలుసుకుందాం.

మూలకణాలు అంటే ఏమిటి?

మన శరీరంలోని చాలా కణాలకు ఒక్కో పని నిర్ణయమై ఉంటుంది. గుండె కణం గుండె పనే చేస్తుంది. మూలకణాలు (స్టెమ్ సెల్స్) అలా కాదు. అవి తమవంటి కణాలను పుట్టిస్తూనే, అవసరాన్నిబట్టి వేరే రకం కణాలుగా మారగలవు. విరిగిన ఎముక అతుక్కోవడం వెనుక ఉన్నది ఈ శక్తే.

ఎముకల మూలుగలో రెండు రకాల మూలకణాలు ఉంటాయి.

1. రక్తాన్ని తయారుచేసేవి. బ్లడ్ క్యాన్సర్, తలసేమియా వంటి జబ్బులకు చేసే మూలుగ మార్పిడిలో వాడేవి ఇవే. ఇది ఎన్నో ఏళ్ళుగా రుజువైన చికిత్స.

2. మెసెంకైమల్ మూలకణాలు. ఇవి ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవు. మూలుగలోనే కాక కొవ్వులోనూ, బొడ్డుతాడులోనూ దొరుకుతాయి.

ఈ రెండూ ఒకటి కావు. మూలుగ మార్పిడితో ఒకరికి నయమైంది కాబట్టి రెండో రకం కణాలతో అన్ని జబ్బులూ నయమవుతాయని అనుకోవద్దు.

ఇవి ఎలా పనిచేస్తాయి?

ఇంజెక్షన్ చేసిన కణాలు పాడైన అవయవంలో చేరి కొత్త కండగా, కొత్త నరంగా మారతాయని మొదట్లో ఆశించారు. కానీ నరానికి ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకొని, కొద్ది రోజుల్లో నశిస్తాయని తేలింది. బతికి ఉన్నంతసేపు అవి కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటివల్ల వాపు తగ్గుతుంది, శరీరం తనను తాను బాగుచేసుకోవడానికి సాయం అందుతుంది. అంటే ఇవి కొత్త ఇల్లు కట్టే మేస్త్రీలు కావు, మంటలు ఆర్పడానికి వచ్చిన సహాయకులు. 1991లో ఈ కణాలకు ఆ పేరు పెట్టిన అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే, 2017లో ఆ పేరు మార్చాలని రాశారు.

ఏ జబ్బులకు అనుమతి ఉంది?

* మూలుగ మార్పిడి తర్వాత దాత కణాలు కొన్నిసార్లు రోగి శరీరంపైనే దాడి చేస్తాయి. స్టెరాయిడ్లకు లొంగని ఈ స్థితిలో ఉన్న పిల్లలకు అమెరికా 2024 డిసెంబరులో ఈ కణాల మందును అనుమతించింది. పరీక్షించిన 54 మంది పిల్లల్లో సుమారు 70 శాతం మందికి 28వ రోజుకు మెరుగుదల కనిపించింది.

* మన దేశంలో బర్గర్స్ జబ్బుకు అనుమతి ఉంది. బీడీ, సిగరెట్, చుట్ట తాగేవారికి కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయి పుండ్లు పడే జబ్బు ఇది. పొగ మానకపోతే ఏ చికిత్సా నిలవదు.

* మోకాళ్ళ అరుగుదలకు కూడా మన దేశంలో 2022లో ఇటువంటి ఒక మందుకు అనుమతి వచ్చింది.

అనుమతి వచ్చాక వెనక్కి పోయినవీ ఉన్నాయి. పేగు జబ్బువల్ల వచ్చే భగందరానికి యూరప్ 2018లో ఒక మందును అనుమతించింది. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలో అది పనిచేస్తుందని రుజువు కాలేదు. 2024 డిసెంబరులో దాన్ని మార్కెట్ నుండి ఉపసంహరించారు.

పక్షవాతం, వెన్నుపాము దెబ్బ, మూత్రపిండాల జబ్బు, షుగరు, పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ వంటి వాటికి మన దేశంలో ఇది సాధారణ చికిత్స కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి వాడకం అనుమతి పొందిన పరిశోధనలోనే జరగాలి. ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లో తెలిపింది.

"మన కణాలే కదా, హాని ఏముంది?"

అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు వృద్ధ మహిళలు చూపు మెరుగవుతుందని ఒక్కొక్కరు 5,000 డాలర్లు కట్టారు. వారి పొట్ట కొవ్వు నుండి తీసిన కణాలనే రెండు కళ్ళలోనూ ఇంజెక్ట్ చేశారు. ఒకరికి చూపు పూర్తిగా పోయింది. మిగతా ఇద్దరికీ దాదాపు పోయింది. కణాలు సొంతవే అయినా, తీసే పద్ధతిలో, శుభ్రతలో, ఎక్కించే చోటులో ప్రమాదం ఉంటుంది.

సంతకం చేసే ముందు అడగండి

1. మా రోగికి ఉన్న జబ్బుకే ఈ మందుకు ప్రభుత్వ అనుమతి ఉందా? పత్రం చూపగలరా?

2. పరిశోధన అయితే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు ఎంత? 2009 జూన్ 15 నుండి ఈ నమోదు తప్పనిసరి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

3. పరిశోధనకు డబ్బు ఎందుకు అడుగుతున్నారు? పరిశోధనలో చేరిన రోగి నుండి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు ఉంది.

4. కణాలు ఎవరివి? ఏ ల్యాబ్‌లో తయారుచేశారు?

5. ఇదే ఇంజెక్షన్ ఎన్ని జబ్బులకు ఇస్తున్నారు? అన్నిటికీ ఒకటే మందు అంటే జాగ్రత్త పడండి.

జవాబులు కాగితంపై రాయించుకుని, మీ డాక్టరుకు చూపించండి. "ఈ రోజే కడితే తగ్గింపు" అంటే అక్కడి నుండి లేచి రండి.

ఆశ వదులుకోమని మేము చెప్పడం లేదు. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో క్రమం తప్పని ఫిజియోథెరపీ, బి.పి., షుగరు అదుపు, వేళకు మందులు ఎంతో మేలు చేస్తాయి. స్టెమ్ సెల్స్ కోసం తిరుగుతూ ఆ నెలలు పోగొట్టుకోకండి. నాన్నగారి చేతికి రోజూ చేయించవలసిన వ్యాయామాలను ఫిజియోథెరపీ విభాగంలో అడిగి నేర్చుకుని, ఇంటికి వెళ్ళాక కూడా కొనసాగించండి.