ట్యాంకులో వేసిన బ్లీచింగ్ పని చేసిందా? పరీక్షించి తెలుసుకుందాం



"మా ట్యాంకులో నెలకొకసారి బ్లీచింగ్ వేస్తూనే ఉన్నామండీ, అయినా పిల్లలకు విరేచనాలు తగ్గడం లేదు" అని వైద్యులతో చెప్పే తల్లులు చాలామంది ఉన్నారు. వారు చెప్పేది నిజమే. అయితే బ్లీచింగ్ వేయడం వేరు, ఆ బ్లీచింగ్ క్రిములను చంపడం వేరు. మందు వేశామా లేదా అన్నది ఒక ప్రశ్న. వేసిన మందు పని చేసిందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఈ పాఠంలో రెండో ప్రశ్నకు జవాబు ఎలా కనుగొనాలో నేర్చుకుందాం. ఇల్లు, హాస్టలు, పాఠశాల, చర్చి ఆవరణ, ఆసుపత్రి, వీటిలో దేనికైనా ఇది వర్తిస్తుంది.

1. భవనంలోకి వచ్చాక నీరు ఎందుకు చెడిపోతుంది?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో బోరు నీరు, కుళాయి నీరు, వేసవిలో ట్యాంకరు నీరు, అన్నీ వాడుతుంటాం. నీరు ఎక్కడి నుండి వచ్చినా చివరకు సంపులోకో, మిద్దెమీది ట్యాంకులోకో చేరుతుంది. అక్కడ మూడు సంగతులు జరుగుతాయి.

మొదటిది, మూత సరిగా లేకపోతే పక్షుల రెట్టలు, బల్లులు, దుమ్ము అందులో పడతాయి. రెండోది, మన ఎండకు ట్యాంకు నీరు వెచ్చబడుతుంది. ఆ వేడికి నీటిలోని క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. 25 నుండి 45 డిగ్రీల వేడి అనేక క్రిములు పెరగడానికి అనుకూలం. మూడోది, ట్యాంకు గోడలకు, పైపుల లోపలి వైపున సన్నని జిగురు పొర ఏర్పడుతుంది. వేలితో రాస్తే జారుడుగా తగులుతుంది. ఆ పొర లోపల క్రిములు కాపురం పెట్టుకుంటాయి. నీటిలో తేలే క్రిమిని చంపినంత సులువుగా ఆ పొరలో దాగిన క్రిమిని చంపలేం.

దీనివల్ల ఎంత ప్రమాదమో చరిత్ర చెబుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో అనేకమంది తీవ్రమైన న్యుమోనియా పాలయ్యారు. సుమారు 30 మంది మరణించారు. కారణమైన లెజియోనెల్లా అనే బాక్టీరియాను 1977 జనవరిలో గుర్తించారు. ఇది భవనాల నీటి వ్యవస్థల్లో పెరిగి, నీటి తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మన దగ్గర ఇంకా సాధారణమైన ప్రమాదం మురుగు కలిసిన నీరు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరులోనూ తాగునీరు కలుషితమై విరేచనాలు వ్యాపించి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

2. క్రిమిసంహారక మందును ప్రయోగశాలలో ఎలా పరీక్షిస్తారు?

లెక్క తెలిసిన సంఖ్యలో, ఉదాహరణకు 10 లక్షల క్రిములను, ఒక గాజు నాళికలోని నీటిలో ఉంచుతారు. నిర్ణయించిన మోతాదులో మందు కలుపుతారు. నిర్ణయించిన సమయం అయిన తరువాత మందు ప్రభావాన్ని ఆపే మరొక పదార్థాన్ని కలుపుతారు. క్లోరిన్‌కైతే సోడియం థయోసల్ఫేట్ వాడతారు. అలా ఆపకపోతే లెక్కించే సమయంలో కూడా మందు క్రిములను చంపుతూనే ఉంటుంది, ఫలితం తప్పవుతుంది. తరువాత బతికి ఉన్న క్రిములను పెంచి లెక్కిస్తారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సీసా మీద "99.9 శాతం క్రిములను చంపును" అని చదివి మనం సంతోషిస్తాం. కాని 10 లక్షలలో 99.9 శాతం చస్తే ఇంకా 1,000 మిగులుతాయి. 99.999 శాతం చస్తే మిగిలేవి 10 మాత్రమే. తొమ్మిదులు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం.

మందు బలం నాలుగు విషయాలపై ఆధారపడుతుంది: మోతాదు, తగిలి ఉండే సమయం, నీటిలోని మురికి, నీటి క్షారగుణం. బురద నీటిలో క్లోరిన్ చాలా భాగం ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. పి.హెచ్. 8 దాటిన నీటిలో క్లోరిన్ శక్తి తగ్గుతుంది. కాబట్టి ప్రయోగశాలలో శుభ్రమైన నీటిలో గెలిచిన మందు మన ట్యాంకులో ఓడిపోవచ్చు. మన నీటితో, మన దగ్గరున్న పొడితో పరీక్షించడం అందుకే అవసరం.

3. హారక్స్ పరీక్ష: మన నీటికి ఎంత బ్లీచింగ్ కావాలి?

బ్రిటిష్ సైనిక వైద్యాధికారి విలియం హారక్స్ సైనికుల తాగునీటి కోసం తయారుచేసిన పరికరం ఇది. మన దేశంలో వైద్య విద్యార్థులకు నేటికీ నేర్పుతారు. అందులో 200 మి.లీ. పట్టే తెల్ల గిన్నెలు ఆరు, లోపల గీత ఉన్న నల్ల గిన్నె ఒకటి, 2 గ్రాములు పట్టే చెంచాలు, గాజు కడ్డీలు, చుక్కలు వేసే గొట్టం, గంజి-అయొడైడ్ ద్రావణం ఉంటాయి. చేసే విధానం:

(అ) నల్ల గిన్నెలో ఒక చెంచా (2 గ్రాములు) బ్లీచింగ్ పొడి వేసి, కొద్ది నీటితో ముద్దగా కలిపి, గీత వరకు నీరు పోసి బాగా కలపాలి. తేటపడనివ్వాలి.

(ఆ) ఆరు తెల్ల గిన్నెల్లో పరీక్షించవలసిన నీరు, అంచుకు ఒక సెంటీమీటరు కిందివరకు పోయాలి.

(ఇ) నల్ల గిన్నెలోని తేటను మొదటి గిన్నెలో 1 చుక్క, రెండో దానిలో 2 చుక్కలు, ఇలా ఆరో దానిలో 6 చుక్కలు వేసి, ఒక్కొక్క దానిని వేరే కడ్డీతో కలపాలి.

(ఈ) అరగంట ఆగాలి. ఈ అరగంటను ఎవరూ తగ్గించకూడదు. క్లోరిన్ పని చేసే సమయం ఇదే.

(ఉ) ప్రతి గిన్నెలో 3 చుక్కల గంజి-అయొడైడ్ ద్రావణం వేసి కలపాలి. క్లోరిన్ మిగిలి ఉంటే నీలం రంగు వస్తుంది.

స్పష్టమైన నీలం రంగు వచ్చిన మొదటి గిన్నె ఎన్నోదో చూడండి. అది రెండోదైతే 455 లీటర్ల నీటికి 2 చెంచాలు, అంటే 4 గ్రాముల పొడి కావాలి. ఆ లెక్కన 1,000 లీటర్ల ట్యాంకుకు సుమారు 9 గ్రాములు. నాలుగోదైతే దానికి రెట్టింపు.

ఈ పరీక్ష నీటినీ, పొడినీ ఒకేసారి తూకం వేస్తుంది. కొత్త బ్లీచింగ్ పొడిలో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. సంచి విప్పి గాలికి, తేమకు, ఎండకు వదిలేస్తే అది నానాటికీ తగ్గిపోతుంది. వాసన ఇంకా ఉంది కదా అని మోసపోకండి. ఆరు గిన్నెల్లో ఒక్కటీ నీలం కాకపోతే పొడి చచ్చిపోయి ఉండాలి, లేదా నీరు బాగా మురికై ఉండాలి. కొత్త పొడితో మళ్లీ చేసి చూడండి.

4. కుళాయి దగ్గర రెండు పరీక్షలు

మిగులు క్లోరిన్ పరీక్ష: బ్లీచింగ్ వేసి గంట గడిచాక, ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి నీటిని పరీక్షించాలి. ట్యాంకులోని నీరు చూస్తే చాలదు. ఆ చివరి కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలని భారత ప్రమాణం చెబుతోంది. ఊరిలో విరేచనాలు వ్యాపించినప్పుడు 0.5 ఉండటం మంచిది. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. వెంటనే, పది సెకన్లలోపు వచ్చిన రంగునే పెట్టెమీది రంగులతో పోల్చాలి. ఆ ద్రావణం ఆరోగ్యానికి మంచిది కాదు కనుక పిల్లలకు అందనివ్వకండి, చేతులు కడుక్కోండి. గులాబీ రంగు వచ్చే డి.పి.డి. మాత్రలు దొరికితే అవే మేలు.

నల్ల రంగు సీసా పరీక్ష: 1982లో కె.ఎస్. మంజ, ఆయన సహచరులైన మన దేశ శాస్త్రజ్ఞులు ప్రచురించిన చౌకైన పద్ధతి ఇది. మందు పూసిన కాగితం ఉన్న సీసాలో గీత వరకు నీరు పోసి, వెచ్చని చోట 24 నుండి 48 గంటలు ఉంచాలి. నీరు నల్లబడితే మలసంబంధమైన కాలుష్యం ఉందని అనుమానించాలి. కుళ్లిన గుడ్డు వాసన సహజంగానే ఉండే బోరు నీరు కూడా నల్లబడవచ్చు. అలాంటప్పుడు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. సీసా వారి దగ్గరే తీసుకోండి. నమూనాను మంచులో పెట్టి ఆ రోజే అందజేయండి.

మిగులు క్లోరిన్ ఉండి, సీసా నల్లబడకపోతే బ్లీచింగ్ పని చేసిందని నమ్మవచ్చు.

5. జిగురు పొర ఉంటే ముందు కడగాలి

పొర పేరుకున్న ట్యాంకులో ఎంత పొడి వేసినా వృథా. ముందు ఖాళీ చేసి, గోడలు, అడుగు బ్రష్‌తో రుద్ది, మడ్డి తీసివేయండి. తరువాత నీరు నింపి, 1,000 లీటర్లకు 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడిని బక్కెట్టులో కలిపి తేట మాత్రమే పోయండి. ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి మూయండి. కనీసం 12 గంటలు అలాగే ఉంచండి. ఆ నీరు తాగకూడదు, వంటకు వాడకూడదు. అందరికీ ముందే చెప్పి, కుళాయిల దగ్గర కాగితం అంటించండి. మరునాడు పూర్తిగా వదిలేసి, కొత్త నీరు నింపి, పై పరీక్షలు చేయండి. సంపులోకి మనిషిని ఒంటరిగా దింపకండి. మూత తీసి గాలి ఆడనిచ్చి, పైన మరొకరు ఉండగా మాత్రమే దిగాలి.

6. బ్లీచింగ్ చేయలేని పని

మన పడమటి మండలాలవారు దీనిని తప్పక తెలుసుకోవాలి. బ్లీచింగ్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడును తీయదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో వెలువడిన తొలి వైద్య నివేదిక అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల గురించే. నీరు మరిగించినా ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీటికి ఫ్లోరైడు పరీక్ష వేరుగా చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు. స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు.

ఫిల్టరు ప్లాంటు నుండి తెచ్చే క్యాను నీటిలో సాధారణంగా మిగులు క్లోరిన్ ఉండదు. క్యాను మురికిదైతే శుద్ధిచేసిన నీరు కూడా మళ్లీ చెడిపోతుంది. పటిక మడ్డిని దించుతుందే గాని క్రిములను చంపదు.

జాగ్రత్తలు

- బ్లీచింగ్ పొడిని యాసిడ్‌తో, మరుగుదొడ్డి కడిగే ద్రావణాలతో ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.
- ఫినాయిలు నేల కడగడానికే. నీటి ట్యాంకులో వేయకూడదు.
- పొడిని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో ఉంచండి. కొన్న తేదీ డబ్బామీద రాయండి.
- ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే వెంటనే ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకండి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, రక్తం పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. మా ట్యాంకు చివరిసారి ఏ తేదీన కడిగాం?
2. మా బ్లీచింగ్ పొడి ఎన్ని నెలల క్రితం కొన్నది?
3. అన్నిటికంటే దూరపు కుళాయిలో క్లోరిన్ ఎంత ఉందో ఎప్పుడైనా చూశామా?
4. ఈ పని చూడవలసిన మనిషి ఎవరు? ఆ పేరు అందరికీ తెలుసా?

ఈ నాలుగింటికి జవాబులు ఒక పుస్తకంలో రాసి, ప్రతి నెలా పరీక్ష ఫలితం తేదీతో సహా నమోదు చేయండి. విందులకు, కూటాలకు వందలమంది కలిసే ముందు మరొకసారి పరీక్షించండి. అరగంట పనితో ఎన్నో కుటుంబాలను జబ్బు నుండి కాపాడినవారవుతారు.