పాత జీపు, కారుల తుప్పును ఇంటివద్దనే బాగుచేసికొను విధానము



మధిర, బోనకల్లు, ఎర్రుపాలెం ప్రాంతములలో పాత జీపునో, అంబాసిడరు కారునో నేటికిని దొడ్డిలో నిలుపుకొన్న రైతులు లేకపోలేదు. మహీంద్రావారు 1947 నుండి మన దేశములో జీపులు కూర్చిరి. అంబాసిడరు కారు 1958 నుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది. వీని ఇంజను సాధారణముగా మరమ్మతుకు లొంగును. కాని రేకు తుప్పుపట్టి రాలిపోవుచుండుటచే, కొందరు బండిని తుక్కు క్రింద అమ్మివేయుదురు. మరికొందరు పైపైన పుట్టీ, రంగు పూయించి, రెండు వానకాలములు గడువకముందే ఆ డబ్బును పోగొట్టుకొందురు. ఏ పని ఇంటివద్ద చేసికొనవచ్చునో, ఏ పనిని పనివానికి వదలవలెనో, ఏ బండికి డబ్బు పెట్టరాదో తెలిసికొన్నచో ఈ రెండు నష్టములును తప్పును.

తుప్పు ఏల పట్టును?

ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీరు - ఈ మూడును కలిసినపుడు తుప్పు పుట్టును. తుప్పు మూల ఇనుముకంటె అనేక రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేతనే రంగు క్రింద పొక్కులు లేచును. అది గుల్లగా నుండుటవలన నీటిని పట్టియుంచి లోని ఇనుమును కూడ తినుచుండును. ఈ విషయములో తుప్పు, వరిలో కాండము తొలుచు పురుగు వంటిది. తెల్లకంకి బయటికి కనిపించునప్పటికే లోపల నష్టము జరిగియుండును. పొక్కు రూపాయి బిళ్ళంత ఉన్నచో, దాని క్రింది తుప్పు అరచేయంత ఉండవచ్చును.

ఉప్పు తుప్పును త్వరపెట్టును. మనము పొలమునకు వేయు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడు లవణమే. అమ్మోనియం సల్ఫేటు కూడ ఇనుమునకు హాని చేయును. యూరియా గాలిలోని తేమను పీల్చుకొనును. చినిగిన ఎరువుల బస్తాలను జీపు వెనుక వేసికొని తెచ్చి, రాలిన గుళికలను ఊడ్వక వదలినచో, ఆ నేలరేకు ముందుగా పోవును. ఎరువుల కొట్టములోను, పశువుల పాకలోను బండిని నిలుపరాదు. పశువుల మూత్రమునుండి వచ్చు అమ్మోనియా, తేమ రెండును రేకునకు చేటు.

మొదట పరీక్ష, తరువాత ఖర్చు

బండిని కడిగి, ఆరబెట్టి, చాపలు, సీట్లు తీసివేయవలెను. చిన్న సుత్తితో రేకును అంగుళము అంగుళము తట్టి వినవలెను. గట్టి రేకు గణగణలాడును. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకును. మొద్దుగా పలికిన చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కవలెను. అయస్కాంతమును కూడ ఆనించి చూడవలెను. అయస్కాంతము అంటుకొనని చోట, క్రింద ఉన్నది రేకు కాదు, మందమైన పుట్టీ అని గ్రహింపవలెను.

కనిపించిన తుప్పును మూడు తరగతులుగా విభజించి, సుద్దతో గుర్తులు పెట్టవలెను.

1. పైతుప్పు: గీకిన వెంటనే మెరయు ఇనుము కనబడును. ఇది ఇంటి పని.

2. గుంటల తుప్పు: గీకిన తరువాత రేకుపై చిన్న గుంటలుండును, కాని మొన దిగదు. ఇదియు ఇంటి పనియే. ఓపిక ఎక్కువ కావలెను.

3. చిల్లుల తుప్పు: మొన దిగిపోవును. ఇక్కడ కోసి, క్రొత్త రేకు అతుకవలెను.

జీపు వేరు, అంబాసిడరు వేరు

ఈ భేదము ప్రాణములకు సంబంధించినది. జీపులో బరువు మోయునది క్రిందనున్న ఛాసిస్. బాడీ దానిపై బోల్టులతో బిగింపబడి యుండును. నేలరేకు, మడ్గార్డులు చిల్లులు పడినను, ఛాసిస్ దూలములును, కమానుకట్టలు తగిలించు చోట్లును గట్టిగా నున్నచో ఆ బండిని బాగుచేసికొనవచ్చును.

అంబాసిడరు అట్లు కాదు. దానికి వేరు ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోయును. తలుపుల క్రింద పొడవుగా సాగు బోలు దూలములు, నేల, వెనుక కమానుకట్టలు బిగించు చోట్లు - ఇవియే దాని వెన్నెముక. జాకీ ఎత్తినపుడు తలుపు సందు మారినను, తలుపు మూసికొనకపోయినను, వెన్నెముక బలహీనపడినదని అర్థము. ఈ భాగములను పుట్టీతో గాని, ఫైబరుతో గాని, రివెట్లతో గాని కప్పుట మహాపరాధము. పెండ్లికో, ఆసుపత్రికో ఇంటిల్లిపాది ఎక్కు బండి అది. ఆ పనిని బాడీ వెల్డింగు బాగుగ తెలిసిన పనివానికే ఒప్పగింపవలెను. కోయకముందు బండికి క్రింద ఆధారములు పెట్టి, తలుపు సందులకు అడ్డబద్దెలు బిగింపవలెను. లేనిచో బాడీ వంగిపోవును.

వెన్నెముకలో చాలభాగము పోయినచో, ఆ బండిపై డబ్బు పెట్టక గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు ఇచ్చివేయుట మేలు.

కాగితములు

ప్రైవేటు బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. తరువాత 5 సంవత్సరములకొకమారు తిరిగి చేయించుకొనవలెను. రేకు పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయములో విచారింపవలెను. 50 సంవత్సరములు దాటిన బండ్లకు 2021లో వింటేజి రిజిస్ట్రేషను నియమములు వచ్చినవి. అట్టి బండిని ప్రదర్శనలు, ర్యాలీలు మొదలగు వానికే రోడ్డుపైకి తీయవలెను. పొలమునకు, సంతకు నిత్యము తిప్పుటకు ఆ నెంబరు పనికిరాదు. రంగు మార్చినచో రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించవలెను. జీపునకు మిలిటరీ పచ్చరంగు వేయుట చాలమందికి ఇష్టము. కాని ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే ప్రత్యేకింపబడినది; ఇతరులు వేయరాదు.

ఎప్పుడు చేయవలెను?

మిరప కోతలు ముగిసి, తొలకరికి ముందుండు వేసవి ఈ పనికి అనుకూలము. గాలిలో తేమ తక్కువగా నుండుటచే గీకిన ఇనుము మరల త్వరగా తుప్పుపట్టదు. మృగశిర కార్తె ప్రవేశించునప్పటికి చివరి పూత ఆరియుండవలెను. బండి మొత్తమును ఒకేసారి విప్పరాదు. ఈ వారము ఒక తలుపు, పై వారము ఒక మడ్గార్డు అన్నట్లు, మొదలుపెట్టిన ముక్కను ప్రైమరు వరకు ముగించి రెండవదానికి పోవలెను. సగములో నిలిచిపోయిన పని, విప్పిన సామాను పోగొట్టుటకే దారితీయును.

తుప్పు తీయు పద్ధతులు

తీగబ్రష్షు, ఎమరీ కాగితము: పెద్ద రేకులకు ఇవియే చాలును. గ్రైండరుకు తీగచక్రము తగిలించినచో పని త్వరగా సాగును. కాని ఒకేచోట ఆనించి ఉంచినచో రేకు వేడెక్కి వంగును. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక తడిపి రుద్దవలెను. ముక్కునకు మంచి మాస్కు, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. పిల్లలను, కోళ్ళను దూరముగ నుంచవలెను.

బెల్లపు మడ్డి: విప్పదగిన చిన్న సామానులకు ఇది చౌకయైన మార్గము. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళు నీరు కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములో సామానును ఒకటి రెండు వారములు మునుగునట్లు ఉంచవలెను. మడ్డి మంచి ఇనుమును అంతగా తినక తుప్పును కరగించును. అల్యూమినియము, జింకు సామానులను అందులో వేయరాదు. తీపి వాసనకు పశువులు వచ్చి త్రాగకుండ గట్టిగా మూతపెట్టవలెను. రంగు రాలిన ఆ నీటిని పొలములో గాని, కాలువలో గాని పోయరాదు.

బట్టల సోడా, బ్యాటరీ ఛార్జరు: లీటరు నీటికి సుమారు 10 గ్రాముల బట్టల సోడా కలిపి, తుప్పు సామానును ఛార్జరు నెగటివు తీగకును, పనికిరాని ఇనుపముక్కను పాజిటివు తీగకును కలిపి, రెండును ఒకదానికొకటి తగులకుండ నీట వ్రేలాడదీయవలెను. కొన్ని గంటలలో తుప్పు వదులగును. ఇందు హైడ్రోజను వాయువు పుట్టును. ఆరుబయట మాత్రమే చేయవలెను, దరిదాపుల బీడీ కాల్చరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను పాజిటివు తీగకు కట్టరాదు; నీటిలో విషపు క్రోమియము చేరును. స్ప్రింగులు, బ్రేకు, స్టీరింగు సామానులకు ఈ పద్ధతి వాడరాదు.

తుప్పు మార్చు ద్రవము: గుంటలలో మిగిలిన తుప్పునకు రస్ట్ కన్వర్టరు పూయవచ్చును. కొన్నింటిలో ఫాస్ఫారికామ్లము, కొన్నింటిలో టానిను ఉండును. భద్రాచలం అడవులలో దొరకు కరక్కాయలో ఉన్నదియు టానినే. కరక్కాయ, అన్నభేది కలిపి పూర్వము నల్లసిరా చేసెడివారు. తుప్పులోని ఇనుము టానినుతో కలిసి అట్లే నల్లని గట్టి పొరగా మారును. అయినను ఇది రాలు తుప్పును గీకివేసిన తరువాత పూయవలసినదే గాని, గీకుటకు మారుగా వాడునది కాదు.

ఏ పద్ధతి వాడినను చివర మంచినీటితో రెండు మూడు మారులు కడుగుట ముఖ్యము. కన్వర్టరు విషయములో మాత్రము డబ్బాపైని సూచననే పాటింపవలెను. గుంటలలో మిగిలిన ఉప్పు రంగు క్రింద మరల తుప్పు పుట్టించును. మీ బోరు నీరు ఉప్పనిదైనచో దానిని ఈ పనికి వాడరాదు. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, అదే పూట ప్రైమరు పూయవలెను.

చిల్లులకు అతుకు

చిల్లు చుట్టును గట్టి ఇనుము వచ్చువరకు రేకును కోయవలెను. కుళ్ళిన కొమ్మను పచ్చి భాగము వరకు నరికినట్లే ఇదియు. అట్టముక్కతో కొలత తీసి, పాత రేకుతో సమానమైన మందముగల రేకును కోసికొనవలెను. ఈ కొలతలు, కోతలు, రేకు వంచుట మీరే చేసికొని, వెల్డింగుకు మాత్రము పనివానిని ఒక రోజుకు పిలిచినచో కూలి చాల తగ్గును. సాధారణ ఆర్కు వెల్డింగు పలుచని రేకును కాల్చి చిల్లులు చేయును. గ్యాసు గాని, సి.ఓ.2 వెల్డింగు గాని మేలు. మొదట దూరదూరముగ టాకాలు వేసి, ఒకచోట చల్లారుచుండగా మరొకచోట వేయుచు సందులు పూరింపవలెను.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. పెట్రోలు ట్యాంకును బండినుండి తీసి దూరముగ నుంచవలెను. ఖాళీ ట్యాంకు భద్రమని తలపరాదు. అందలి ఆవిరి పేలి ప్రాణములు తీయును. ట్యాంకునకు ఇంటివద్ద ఎన్నడును నిప్పు తగిలింపరాదు.

బరువు మోయని జీపు నేలరేకునకు మాత్రము రివెట్లతో అతుకు వేసి, అంచులకు సీలెంటు పూయవచ్చును.

పుట్టీ, రంగు

పుట్టీ చిన్న సొట్టలను చదును చేయుటకే గాని చిల్లులు పూడ్చుటకు కాదు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి వేయరాదు. ఎపాక్సీ ప్రైమరు తేమను బాగుగ ఆపును గనుక క్రిందిభాగములకు దానినే వాడుట మంచిది; ఖర్చు తగ్గింపదలచినచో కనబడు పైరంగులో తగ్గించుడు. రంగును ఉదయమే, రేకు చేతికి చల్లగా నున్నపుడు వేయవలెను. మధ్యాహ్నపు ఎండలో వేసినచో పైపొర ముందుగా ఆరి, నురుగులు పడును. ఒక మందపు పూతకంటె, ఒకటి ఆరిన తరువాత ఒకటిగా వేసిన పలుచని పూతలు మన్నును.

తరువాత కాపాడుట

తలుపుల అడుగున నీరు కారు రంధ్రములుండును. అవి మట్టితో పూడిపోవుటయే చాల తలుపులు కుళ్ళుటకు కారణము. ప్రతి వానకాలమునకు ముందు పుల్లతో వానిని తెరువవలెను. బోలు దూలముల లోపల రక్షణ మైనము చిమ్మించవలెను. కాల్చిన ఇంజను నూనె పూయుట వాడుకలో నున్నది గాని, అది చర్మమునకు కీడు, రబ్బరు సామానునకు చేటు. మందు పిచికారి చేసినపుడో, ఎరువు మోసినపుడో అదే సాయంత్రము బండి అడుగును కడుగవలెను. టార్పాలినును బండికి అంటునట్లు కప్పరాదు. లోన చెమ్మ నిలుచును. నాలుగువైపుల గాలి ఆడు రేకుల పందిరి మేలు.

డబ్బు పెట్టు వరుస

ముందు బరువు మోయు భాగములు, తరువాత నీరు దిగు చోట్లు, ఆ తరువాత ప్రైమరు, చివర పైరంగు. ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదటనే మెరుపునకు ఆశపడినవారే నష్టపోవుదురు. పాత బండి కొనబోవువారు కూడ అయస్కాంతము, చిన్న సుత్తి వెంట తీసికొనిపోవలెను. క్రొత్తరంగు వేసిన పాత బండిని చూచినపుడు తొందరపడి బయానా ఇయ్యక, ముందు క్రిందికి వంగి దాని అడుగును చూడుడు.