మృదంగము – హస్తరక్షణము

శ్రీరామనవమి పందిళ్ళలోను, హరికథలలోను, సంగీతసభలలోను మృదంగము మ్రోగుట మీరు వినియే యుందురు. విద్వాంసుని వ్రేళ్ళు చర్మముపై నాట్యమాడుచున్నట్లుండును. గంటలకొలది వాయించినను ఆయన మొగమున అలసట కానరాదు. అది చూచి, బలముకొలది కొట్టినచో తమకును అట్టి నాదమే పలుకునని కొందరు బాలురు తలంతురు. ఆ తలంపు ఎంత పొరపాటో తెలుపు సంగతి నొకదానిని మీకు చెప్పెదను.

ఇరువది యేండ్ల క్రిందట నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు మృదంగము నేర్చుకొనుచుండెను. వాని తండ్రి భజనగోష్ఠులలో మృదంగము వాయించువాడు. బాలునకు లయజ్ఞానము పుట్టుకతోనే అబ్బినదని అందరును మెచ్చుకొనెడివారు. త్యాగరాజ ఆరాధనోత్సవ సందర్భమున పట్టణములో జరుగబోవు పోటీకి వాడు పేరిచ్చెను. గడువు మూడు వారములు మాత్రమే యుండెను. అంతవరకు దినమున కరగంట సాధన చేయువాడు ఒక్కసారిగా మూడు గంటలు చేయసాగెను. పెద్ద నాదము రావలెనని బలమంతయు చూపి కొట్టెను. నాలుగైదు దినములకే కుడి మణికట్టున నొప్పి పుట్టెను. చెప్పినచో పోటీకి పంపరను భయముచే వాడు దానిని తండ్రికి గాని, గురువునకు గాని తెలియనీయలేదు.

ఆ దినములలో వాని చేతివ్రాత వంకరపోవుచుండుట నేను చూచితిని. చూచియు, అశ్రద్ధ యనుకొని మందలించితిని. ఒకనాడు వ్యాసము వ్రాయించుచుండగా వాని చేతినుండి కలము జారిపడెను. తీసికొని మరల వ్రాయబోగా మరల జారెను. దగ్గరకు పోయి చూడగా మణికట్టు వాచియుండెను. బొటనవ్రేలును చూపుడువ్రేలును తిమ్మిరి పట్టియుండెను.

"ఎన్నాళ్ళనుండిరా?" అని అడిగితిని.

వాడు తలవంచుకొని, "పది దినములైనదండీ. మా నాన్నగారితో చెప్పకండి, మాస్టారూ!" అనెను.

చెప్పక తప్పలేదు. వైద్యుడు పరీక్షించి, ఆ చేతికి ఆరు వారములు విశ్రాంతి నీయవలె ననెను. పోటీ గడచిపోయెను. ఆ సాయంకాలము వాడు మృదంగమునకు ఎదురుగా కూర్చుండి యేడ్చెనని తండ్రి నాతో చెప్పినపుడు, వంకరవ్రాతను చూచి నేను మందలించిన మాటలే నాకు జ్ఞాపకము వచ్చెను.

ఆ నొప్పి ఎందువలన కలిగెను? మన వ్రేళ్ళను కదలించు కండరములలో పెక్కు ముంజేతిలో నున్నవి. ఎడమచేతితో కుడి ముంజేతిని పట్టుకొని, కుడిచేతి వ్రేళ్ళను ఆడించి చూడుడు. లోపల కండరములు కదలుట మీకే తెలియును. వానినుండి త్రాళ్ళవంటి స్నాయువులు బయలుదేరి, మణికట్టును దాటి వ్రేళ్ళకు పోవును. మణికట్టు లోపలివైపున వానికి గల మార్గము మిక్కిలి ఇరుకైనది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొదలగువానికి స్పర్శజ్ఞానము నిచ్చు నాడి కూడ ఆ మార్గముననే పోవుచున్నది. మణికట్టును వంచియుంచి వేలకొలది దెబ్బలు వేసినచో స్నాయువులు ఒరసికొని వాచును. ఆ వాపు నాడిని నొక్కగా తిమ్మిరి పుట్టును. సాధనను ఒక్కసారిగా పెంచినవారి చేతికి కోలుకొను వ్యవధియే దొరకదు.

ఇక నాదము మాట చూతము. మృదంగపు కట్టెను సాధారణముగా పనస మ్రానుతో చేయుదురు. ఎడమ మూతకు వాయించుటకు ముందు రవ్వముద్ద నంటింతురు. కుడి మూత నడుమ నల్లని పూతను గుండ్రముగా, పొరపై పొరగా ఎక్కింతురు. ఈ పూత మహిమను శాస్త్రరీత్యా పరిశోధించినవారు సర్ సి. వి. రామన్ గారు. ఆయన 1920లో ఒక సహపరిశోధకునితో కలిసియు, 1934లో మరింత విపులముగను ఈ విషయమును ప్రకటించిరి. పూతలేని చర్మమునుండి వెలువడు అనుస్వరములు ఒకదానితో నొకటి పొసగవు. పూతగల చర్మమున అవి తంత్రీవాద్యములందువలె పొందికగా అమరును. కాబట్టి మాధుర్యము వాద్యనిర్మాణములోనే యిమిడియున్నది. చేయి తగిన తావున తాకి దానిని మేల్కొల్పవలెను. 'తొం' అను దెబ్బలో చేయి తాకి వెంటనే లేచినచో నాదము గంభీరముగా సాగును. అదిమిపట్టినచో పుట్టినచోటనే అణగిపోవును.

మృదంగము మగవారి కండబలమునకే లొంగునని ఒకప్పుడు కొందరు తలంచెడివారు. మన ఆంధ్రదేశపు మృదంగ విదుషీమణి శ్రీమతి నిడుమోలు సుమతి గారు 2021లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిరి. ఈ వాద్యమున కావలసినది సాధనవలన కలుగు నేర్పేగాని కండబలము కాదు.

చేతిని కాపాడుకొనుటకు కొన్ని నియమములు కలవు.

మొదటిది కూర్చుండు తీరు. వెన్ను నిటారుగా నుంచి, మృదంగమును కాలిపై ఆనించి, అవసరమైనచో అడుగున గుడ్డచుట్ట నమర్చుకొనవలెను. మణికట్టు ముంజేతికి వరుసగా నుండునట్లు ఎత్తును సరిచూచుకొనవలెను. భుజములను బిగబట్టరాదు.

రెండవది ఆరంభము. పిడికిలిని పలుమారులు మూసి తెరచి, చేతులను వెచ్చజేసికొనవలెను. 'త, ది, తొం, నం' అను తొలిపాఠమును విలంబకాలమున వాయించి, పిమ్మట రెండవ, మూడవ కాలములకు పోవలెను.

మూడవది కాలనియమము. సాధనను వారమునకు ఐదారు నిమిషముల వంతున మాత్రమే పెంచవలెను. ప్రతి ఇరువది నిమిషములకు కొంతసేపు చేతులను వదలివేసి విశ్రమింపవలెను.

నాలుగవది వాద్యమునకును చర్మమునకును సంబంధించినది. శ్రుతి మితిమీరి బిగించిన మూత చేతికి రాతివలె తగులును. ఉంగరములను, కడియములను తీసివేయవలెను. గోళ్ళు పెరుగనీయరాదు. వ్రేళ్ళు బొబ్బలెక్కినచో మానువరకు వాయింపరాదు.

ఐదవది అన్నిటికంటె ముఖ్యమైనది. అలసట వేరు, నొప్పి వేరు. అలసట కొంత విశ్రాంతితో తీరును. మరునాటికిని నిలిచియుండు నొప్పి హెచ్చరిక యని తెలిసికొనుడు. దానిని గురువునకును తల్లిదండ్రులకును వెంటనే తెలుపవలెను. తిమ్మిరి గాని, వాపు గాని, పట్టు తప్పుట గాని కలిగినచో వైద్యుని చూడవలెను. తైలము రాచుకొని మరల వాయించుట అగ్నికి ఆజ్యము పోయుటయే.

ఆ బాలుని సంగతి ముగించెదను. పోటీ గడచిన మరునాడు వాని గురువు ఇంటికి వచ్చి, "నీ చేతికి సెలవుగాని నోటికి సెలవు లేదురా" అని, ఎడమచేతితో తాళము వేయుచు జతులను నోటితో పలుకుట నేర్పసాగెను. ఆరు వారములును అదే సాధన. వైద్యుడు సమ్మతించిన పిదప వాడు దినమునకు పది నిమిషములతో మరల మొదలుపెట్టెను. మరుసటి సంవత్సరము ఆరాధనోత్సవమున వాడు వాయించుచుండగా నేను ముందువరుసలో కూర్చుండి వింటిని. వాని నాదము మునుపటికంటె పెద్దది కాదు, నిండైనది. వాయించుట ముగించి నన్ను చూచి, కుడిచేతిని పైకెత్తి, వ్రేళ్ళను ఆడించి నవ్వెను.

ఆ పాఠము వానికెంతయో నాకును అంతయే. నొప్పిని దాచుట ధైర్యము కాదని వాడు నేర్చుకొనెను. విద్యార్థి చేతివ్రాత వంకరపోయినపుడు మందలించుటకు ముందు ఆ చేతిని చూడవలెనని నేను నేర్చుకొంటిని.

ప్రశ్నలు

1. బాలుడు తన నొప్పిని ఎందులకు దాచెను? దానివలన కలిగిన నష్టమేమి?
2. మణికట్టులో తిమ్మిరి యెట్లు పుట్టునో వివరింపుడు.
3. మృదంగనాదమును గూర్చి రామన్ గారు కనుగొనిన విషయమేమి?
4. "నీ చేతికి సెలవుగాని నోటికి సెలవు లేదురా" – ఈ మాట ఎవరు, ఏ సందర్భమున పలికిరి?